కదలని గడ్డిమేటు

నా కళ్ళ గురించి నాకు మొదటినుంచీ పొగరే. ఉద్యోగంలో చేరేటప్పుడు కాకినాడలో కంటి పరీక్ష చేసిన డాక్టరుగారు గోడమీది బోర్డులో చిట్టచివరి వరస చదవమన్నారు. నేను ఆ వరసే కాదు, దాని అడుగున బోర్డు అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా చదివి వినిపించాను. ఆయన నవ్వేసి, "చాల్లేవయ్యా, నువ్వు మనుషుల్లో కాదు, గద్దల్లో పుట్టాల్సినవాడివి" అన్నారు. సర్వీసు మొత్తంలో ఆ మాటని నేను కనీసం వెయ్యిమందికి చెప్పుకుని ఉంటాను. వాళ్ళలో సగంమందికి రెండేసి సార్లు చెప్పానని మా ఆవిడ అంటుంది.

అంత మంచి కళ్ళు నన్ను, నాతోపాటు నలభైమందికి పైగా జనాన్ని ముంచబోయిన రోజు గురించి ఇప్పుడు చెబుతాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదివితే మంచిదని నా ఆశ. అయితే ఇందులో నీతి ఏమిటని అడక్కండి, అది నాకూ ఇంకా పూర్తిగా తెలియదు.

నేను గోదావరి మీద లాంచీ సరంగుని. లాంచీకి డ్రైవరన్నమాట. చక్రం వెనక నిలబడి దాన్ని నడిపేవాణ్ణి సరంగు అంటారు, తాళ్ళు వేసి, లంగరు దింపి, జనాన్ని ఎక్కించి దించేవాణ్ణి కళాసీ అంటారు. మా శాఖ పేరు చెప్పను, ఎందుకంటే నెలనెలా వాళ్ళిచ్చే పెన్షను మీదే బతుకుతున్నాను. తొంభైలలో రాజమండ్రికి ఎగువన నది మధ్య ఉన్న లంకల్లోకి మా లాంచీ తిరిగేది. టీచర్లు, మందులు, ఎన్నికల పెట్టెలు, పెళ్ళివారు, ఒకసారి ఓ గేదె, అన్నీ మోశాం.

మా కళాసీ నాకంటే పదేళ్ళు పెద్ద. మొగల్తూరు దగ్గర సముద్రం ఒడ్డున చేపలుపట్టే వాళ్ళింట పుట్టాడు. నడక రాకముందే పడవెక్కిన మనిషి. ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను సరంగుగారూ అనే పిలిచేవాడు, నేనెన్నిసార్లు వద్దన్నా మానలేదు. ఆయనకి దూరం చూపు ఆనదు. కళ్ళజోడు పెట్టుకుంటే బాగానే కనబడుతుంది గానీ, నీటి తుంపర పడి అద్దాలు మసకబారతాయని ఎప్పుడూ జేబులోనే ఉంచుకునేవాడు.

చూపు చేసే పనంతా ఆయనకి చేతులు చేసేవి. గెడ దింపి, పైకి తియ్యకుండానే "ఇసక కాదండి, ఒండ్రు" అనేవాడు. చెక్కల మీద అరచెయ్యి పెట్టి ఇంజనులో ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. లంగరు వేశాక అయిదు నిమిషాల పాటు రెండు వేళ్ళు తాడుమీద ఆనించి కళ్ళు మూసుకుని కూచునేవాడు. లంగరు కింద నేలని పట్టుకుంటే తాడు బిగుసుకుని సన్నగా వణుకుతుందట. జారుతుంటే ఆగి ఆగి గుంజుతుందట. అసలు నేలకి అందకపోతే ఊరికే వేలాడుతుందట. "ఏం వైద్యుడుగారూ, నాడి ఎలా ఉంది?" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

నా పద్ధతి వేరు. ఒడ్డున రెండు గుర్తులు చూసుకునేవాణ్ణి. దగ్గరలో ఓ కొబ్బరిచెట్టు, దాని వెనక దూరంగా ఓ గోపురమో, నీళ్ళ ట్యాంకో. ఆ రెండూ ఒకే గీతలో ఉన్నంతసేపూ లాంచీ ఉన్నచోటే ఉన్నట్టు. ఒకటి పక్కకి జరిగిందంటే మనం జరిగినట్టు. నాకు పని నేర్పిన పాత సరంగు మొదటిరోజే చెప్పాడు, గుర్తులు రెండు ఉండాలి, ఒక్కటి పనికిరాదు అని. ఎందుకు పనికిరాదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

బాబాయ్‌కి ఒకటే కోరిక. సరంగు కావాలి. అనుభవం ఉంది, పరీక్షల్లో మిగతావన్నీ పాసయ్యాడు. కంటి పరీక్షలో మాత్రం మూడుసార్లు తప్పాడు. కళ్ళజోడు లేకుండానే బోర్డు చదవాలని నిబంధన. "ఇరవయ్యేళ్ళ నుంచీ నా చేత లాంచీ కట్టించుకుంటన్నారు, విప్పించుకుంటన్నారు. ఓ గంట నడుపుతానంటే మాత్రం నా కళ్ళు పనికిరావంటండి" అనేవాడు. అది కోపంగా అనేవాడు కాదు, అందుకే వినడానికి ఇంకా కష్టంగా ఉండేది. కళ్ళజోడుతో పరీక్షకి అనుమతించమని ఆయన పెట్టుకున్న అర్జీ నేనే రాసిపెట్టాను. నా దస్తూరీ కూడా బాగుంటుంది లెండి.

ఆ ఏడు కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు మంచివారు. అర్జీ చదివి ఇద్దరినీ కూచోబెట్టి మాట్లాడారు. "నేను సిఫారసు రాయగలను. కానీ పైవాళ్ళు ఊరికే ఒప్పుకోరు. కళ్ళు తక్కువైనా ఇతని వల్ల లాంచీకి భద్రత ఎక్కువ అని చూపించడానికి నాకు ఏదో ఒకటి కావాలి" అన్నారు. ఆ మాట మేమిద్దరం విన్నాం. బయటికొచ్చాక బాబాయ్ టీ తాగుతూ "ఏదో ఒకటంటే ఏంటండి?" అని అడిగాడు. నాకు మాత్రం ఏం తెలుసు?

శ్రావణ మాసంలో వరదొచ్చింది. మూడు రోజుల నుంచి నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. ఎగువనున్న ఓ లంకలో జనం చిక్కుకున్నారు, తీసుకురమ్మని పొద్దున్నే కబురొచ్చింది. వెళ్ళాం. నలభైమందికి పైనే ఎక్కారు. మూటలు, కోళ్ళు, రెండు మేకలు. ఓ ముసలావిడ ఇల్లంతా వదిలేసి ఆవకాయ జాడీ ఒక్కటే ఒళ్ళో పెట్టుకుని కూచుంది. "ఈ ఏడు కాయ బాగా కుదిరింది బాబూ, దీన్ని గోదారికి ఇవ్వను" అంది.

బయలుదేరిన కాసేపటికే వాన దిగింది. మామూలు వాన కాదు, తెర దించినట్టు. రెండు ఒడ్లూ మాయమైపోయాయి. అక్కడ గోదావరి వెడల్పు మీకు తెలుసు కదా, ఎండలోనే అవతలి ఒడ్డు మనిషి ఆనడు. ఇక చుట్టూ ఎర్రనీళ్ళు, పైన తెల్లవాన, అంతే. అప్పుడు ఇంజను ఓ మూలుగు మూలిగి ఆగిపోయింది. కొట్టుకొచ్చిన వలో, తాళ్ళో, గుర్రపుడెక్కో, ఏదో అడుగున నీళ్ళని తోసే ఫ్యానుకి చుట్టుకుంది. మాకు దిగువన రాజమండ్రి వంతెనలు. వరదలో ఇంజను లేని లాంచీ వంతెన స్తంభానికి అడ్డంగా తగిలితే ఏమవుతుందో నేను ఒకసారి చూశాను. పలకలు ఏరుకోవడమే మిగిలింది.

"లంగరు వెయ్ బాబాయ్!" అని అరిచాను. వేశాడు. జనంలో ఒకాయన, ఏమైందండీ అని లేచాడు. ఏం లేదు, కూచోండి అన్నాను. ఎటు చూసినా గుర్తుకి ఒక్కటీ దొరకలేదు.

అప్పుడు కనబడింది గడ్డిమేటు. కుడివైపున, వానలో మసకమసగ్గా. పెద్ద మేటు, సగం దాకా నీళ్ళలో ఉంది. దానిమీద ఓ గోధుమరంగు కుక్క కాళ్ళు ముడుచుకుని కూచుంది. ఏదో లంక చివర కళ్ళంలో మునిగిన మేటు అనుకున్నాను. లాంచీ అంచునున్న ఇనుప గొట్టానికి సరిగ్గా ఎదురుగా ఉంది. ఊపిరి బిగబట్టి చూశాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. మేటు గొట్టాన్ని వదిలి వెంట్రుకవాసి కూడా జరగలేదు. కుక్క కూడా సొంత అరుగు మీద ఉన్నంత నిశ్చింతగా ఉంది.

హమ్మయ్య అనుకున్నాను. లంగరు పట్టింది. నిలబడ్డాం.

సరిగ్గా అప్పుడు ముందు నుంచి బాబాయ్ పిలిచాడు. "సరంగుగారూ, లంగరు పట్టలేదండి."

"పట్టింది" అన్నాను.

"తాడు బిగవలేదండి. నిట్టనిలువునా వేలాడతంది. నీళ్ళు బాగా లోతెక్కువై కిందకి అందలేదనుకుంటానండి."

నాకు ఒళ్ళు మండింది. ఇంతసేపటికి గుండె కాస్త కుదుటపడితే ఈయనేమిటి అనిపించింది. "అటు చూడు! ఆ గడ్డిమేటు కనబడుతోందా? అది కదిలిందా? పైన కుక్క కూచుంది చూడు! నా కళ్ళెదురుగా నిలబడి ఉంటే పట్టలేదంటావేంటి? చూపు ఆననోడివి, నువ్వు నాకు చెప్పొచ్చావా? జనాన్ని బెదరగొట్టకు!"

జనమంతా విన్నారు. బాబాయ్ మేటువైపు తల తిప్పి చూశాడు. మళ్ళీ మాట్లాడలేదు.

తరవాతి నాలుగైదు నిమిషాలు నా జీవితంలోకెల్లా ప్రశాంతంగా గడిచినవి. ఇది మీకు వింతగా ఉంటుంది, నాకు ఇప్పటికీ వింతగానే ఉంది. గోదావరి ఒక్కసారిగా నెమ్మదించినట్టు అనిపించింది. లాంచీ చుట్టూ నీళ్ళు చెరువులో నీళ్ళలాగా ఉన్నాయి. అల తగిలిన చప్పుడు లేదు. పక్కన తేలుతున్న ఓ అరటిబోదె, మా పక్కనే అలాగే ఉంది. "తల్లి శాంతించింది" అని ఓ పెద్దాయన చేతులు జోడించాడు. ఒకావిడ కొంగుముడి విప్పి పసుపు కుంకుమ నీళ్ళలో వేసింది. ఆ పసుపు మరక కూడా మా పక్కనే ఉండిపోయింది. నాకు అది శుభంలాగా తోచింది.

పన్నెండేళ్ళుగా నీళ్ళమీద ఉన్నవాణ్ణి. లంగరు పట్టిన లాంచీని వరదనీరు ఎలా కొడుతుందో, ఎంత రొద చేస్తుందో నాకు తెలియనిది కాదు. నీళ్ళు నిశ్శబ్దంగా ఉన్నాయంటే వాటితోపాటే మనమూ పోతున్నామని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. కానీ భయంలో ఉన్నవాడికి నిశ్శబ్దం హాయిగా ఉంటుంది. అది ఎందుకు వచ్చిందని అడగాలనిపించదు.

అంతలో ఓ మేక పగ్గం తెంచుకుంది. జనం ఒక పక్కకి లేచారు, లాంచీ ఒరిగింది. వాళ్ళని సర్దడానికి చక్రం వదిలి ముందుకి పరిగెత్తాను. తడి చెక్కల మీద కాలు జారింది. పడబోతూ చేతికందింది పట్టుకున్నాను. అది లంగరు తాడు. నా బరువుకి అది ఇలా వచ్చేసింది. బావిలో చేదతాడు వచ్చినట్టు, ఏ పట్టూ లేకుండా.

ఒక్క క్షణం మేటు వైపు చూశాను. అది కదలలేదు. తాడు చేతిలో వేలాడుతోంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. కళ్ళా, చెయ్యా అని ఎంచుకోవాల్సి వచ్చింది. సిగ్గువిడిచి చెబుతున్నాను, అప్పుడు కూడా నాకు కళ్ళనే నమ్మాలనిపించింది.

అయినా, "బాబాయ్! పెద్దతాడు తగిలించు!" అని అరిచాను.

నేను నోరు మూసేలోపే ఆయన పడవల్ని లాగే ఆ పెద్దతాడు తెచ్చి లంగరు తాడు కొసకి ముడివేశాడు. అంత వానలో, జారే తాళ్ళతో ఆ ముడి ఎలా వేశాడో ఆయన వేళ్ళకే తెలియాలి. దింపుతూనే ఉన్నాం. తాడు అయిపోవస్తుండగా పెద్ద కుదుపు. నిలబడ్డవాళ్ళంతా పడ్డారు. ఆవకాయ జాడీ పగిలింది. లాంచీ ముక్కు ఎగువకి తిరిగింది, ఆ వెంటనే గోదావరి రొద మొదలైంది. ఎవరో తలుపు తెరిచినట్టు ఒక్కసారిగా వినిపించింది. చెరువులా ఉన్న నీళ్ళు లాంచీ ముక్కుమీద పడి రెండుగా చీలుతున్నాయి. అరటిబోదె ఏమైపోయిందో తెలియదు.

అప్పుడు గడ్డిమేటు కదిలింది.

అది కదలడం మొదలుపెట్టిందని ఇప్పటికీ అంటున్నాను చూడండి. అది పొద్దుటినుంచీ కదులుతూనే ఉంది. కానీ మేము చూసింది మాత్రం, అంతసేపూ నేలలో పాతినట్టున్న మేటు హఠాత్తుగా బయలుదేరి, కుక్కతో సహా, పరుగులాంటి వేగంతో దిగువకి వెళ్ళిపోవడం. "మేటు పోతంది! మేటు పోతంది!" అని జనం కేకలు. నాకైతే మా లాంచీనే ఎవరో ఎగువకి ఈడ్చుకెళ్తున్నట్టు అనిపించింది. వాన కాస్త పలచబడేసరికి దిగువన వంతెన. స్తంభాల మీద నాచు కూడా లెక్కపెట్టగలిగినంత దగ్గర. మేటు వెళ్ళి ఓ స్తంభానికి తగిలి విచ్చిపోయింది. కుక్కని చూడలేకపోయాను. ఎటైనా ఈదిందేమో.

ఆ తరవాత బాబాయ్ నడుముకి తాడు కట్టుకుని, కొడవలి పుచ్చుకుని వెనకనుంచి నీళ్ళలోకి దిగాడు. ఆ బురదనీళ్ళలో ఎవరి కళ్ళైనా ఒకటే. తడుముతూ తడుముతూ ఫ్యానుకి చుట్టుకున్న వలని కోసి పారేశాడు. మూడుసార్లు మునిగి లేచాడు. ఇంజను అందుకుంది. మధ్యాహ్నానికి రేవు చేరాం. జాడీ పోయిందని ముసలావిడ తప్ప ఎవరూ ఏడవలేదు.

వారం తరవాత ఆఫీసరుగారు ఇద్దరినీ పిలిపించారు. బల్లమీద కాగితాల్లో బాబాయ్ అర్జీ పైనే ఉంది, అది నేను చూశాను. నా కళ్ళు మంచివని చెప్పాను కదా. "లంగరు పట్టలేదని ముందు గమనించింది ఎవరు?" అని అడిగారు.

"నేను ముందుకెళ్ళి తాడు పట్టుకుని చూశానండి" అన్నాను.

ఇందులో అబద్ధం లేదు. పట్టుకున్నాను, చూశాను. మిగతా సగం బాబాయ్ చెబుతాడులే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా అంటే ఇప్పుడు ప్రమాణం చెయ్యలేను. బాబాయ్ నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. "నువ్వేమంటావయ్యా?" అని ఆఫీసరుగారు అడిగారు. "సరంగుగారు చెప్పిందేనండి" అన్నాడు.

నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. రెండు నెలలకి బాబాయ్ అర్జీ తిరిగొచ్చింది, నిబంధనలు అనుమతించవని. పాపం అనుకున్నాను. ఆయన్ని హోటలుకి తీసుకెళ్ళి పెసరట్టు పెట్టించాను. నా ఔదార్యం అంతటిది.

ఇక కథ చెప్పడం మొదలైంది. రేవులో, టీకొట్లో, బంధువుల ఇళ్ళలో, పెళ్ళిళ్ళలో. చెప్పినకొద్దీ అది నున్నబడింది. మొదట్లో కాలు జారడం ఉండేది, కొన్నాళ్ళకి అది పోయి, అనుమానం వచ్చి నేనే ముందుకెళ్ళి తాడు పట్టుకోవడం వచ్చింది. బాబాయ్ అన్న మాట ఎప్పుడు రాలిపోయిందో నాకు తెలియదు. అబద్ధం చెబుతున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. కళ్ళు మూసుకుంటే నాకు స్పష్టంగా కనబడేది, నేను మేటుని చూసి, ఏదో తేడాగా ఉందే అనుకుని, చక్రం వదిలి నడుచుకుంటూ వెళ్ళడం. ఏ కోర్టులోనైనా సాక్ష్యం చెప్పేవాణ్ణి. బాబాయ్ ఎన్నోసార్లు పక్కనే ఉన్నాడు. "ఏం బాబాయ్?" అంటే "ఆయ్" అనేవాడు. కళాసీగానే రిటైరయ్యాడు.

రెండువేల సంవత్సరం దాటాక మా లాంచీ సర్వీసు తీసేశారు. సామాను అప్పజెప్పుతుంటే చక్రం కింది అరలో పాత లాగ్‌బుక్కులు బయటపడ్డాయి. రోజూ సాయంత్రం సరంగు రాయాల్సిన పుస్తకాలవి. రాయడమే గానీ చదివినవాడు లేడు. వరదరోజు పేజీ సరదాగా తీశాను, నా ఘనత నా దస్తూరీలో చూసుకుందామని.

ఇలా ఉంది. "ఫ్యాను చిక్కుపడి ఇంజను ఆగినది. లంగరు వేయించితిని. పట్టలేదని కళాసీ చెప్పినాడు. నేను గడ్డిమేటు చూపించి కోపపడితిని. అది నా తప్పు. పిదప కాలు జారి తాడు పట్టుకొనగా కళాసీ చెప్పినది నిజమని తెలిసినది."

దస్తూరీ నాదే. సంతకం నాదే. అయినా ఎవరో పరాయివాడు రాసినట్టుంది. అక్కడే ఓ తాళ్ళచుట్ట మీద కూలబడ్డాను. ఆ రోజు మేటు నన్ను మోసం చేసిందనుకున్నాను ఇన్నాళ్ళూ. అది పోయి పదేళ్ళు కావస్తోంది, నేను మాత్రం ఇంకోదాన్ని కట్టుకుని దాన్నే చూస్తూ కూచున్నానని అప్పుడు తెలిసింది. నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఇంకా ఇలాంటివి ఎన్ని ఉన్నాయో కదా.

మర్నాడే బస్సెక్కి రామచంద్రపురం వెళ్ళాను. బాబాయ్ అక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. వరండాలో వల బాగుచేసుకుంటున్నాడు, కళ్ళజోడు పెట్టుకుని. నన్ను చూసి లేచాడు. "సరంగుగారూ! చెప్పా పెట్టకుండా వచ్చారేంటండి?" కూతుర్ని పిలిచి కాఫీ పెట్టమన్నాడు. నేను కూచోకుండానే వెంట తెచ్చిన ఆ పేజీ చదివి వినిపించాను.

విని, వల పక్కన పెట్టాడు. "ఇప్పుడెందుకండి ఇయన్నీ?"

"నువ్వు చెప్పావు. నేను తిట్టాను. నాకు ఈ సంగతే గుర్తు లేదు బాబాయ్."

"ఆయ్. చెప్పానండి."

"మరి ఆఫీసరుగారు అడిగినప్పుడు నోరెత్తలేదేం? ఆ ఒక్కమాట చెబితే అర్జీ ఒప్పుకునేవాళ్ళు కదా! నామీద గౌరవమా? భయమా?"

బాబాయ్ కళ్ళజోడు తీసి పంచెతో తుడిచాడు. "అది కాదండి. మీరు నన్ను కోప్పడి మేటు చూపించారు కదండి. నేను అటు తిరిగి చూశాను."

"అవును."

"నాకు కనపడిందండి."

నాకు అర్థం కాలేదు. "ఏం కనబడింది?"

"మేటు కనపడింది. కుక్క కూడా కనపడింది. కదలకుండా ఉన్నట్టే కనపడిందండి." ఆయన గొంతు తగ్గింది. "కళ్ళజోడు జేబులోనే ఉంది. ఆ వానలో మీ మొహమే నాకు సరిగ్గా ఆనట్లేదు. అయినా మీరు అంత గట్టిగా చెప్పేతలికి కనపడిపోయిందండి. వేళ్ళ కింద తాడు వదులుగానే ఉంది. వదులుగా ఉందని తెలుస్తానే ఉంది. మేటు కనపడతంటే ఇంకేంటి, నా వేళ్ళే తప్పు చెప్తన్నాయి గామోసనుకుని, తాడు మీంచి చెయ్యి తీసేశానండి."

నేను వరండా మెట్టుమీద కూచుండిపోయాను.

"మీ కాలు జారకపోతే నేను ఇంకోసారి చెప్పేవోణ్ణి కాదు. వంతెన దాకా అలాగే నిలబడేవోణ్ణి. ఆఫీసరుగారి ముందు అదే గుర్తొచ్చిందండి. నలభైమంది పేణాలు పోతంటే రెండోసారి నోరిప్పనోడికి సరంగు పనేంటని. అర్జీ తిరిగొస్తే మంచిదే అయిందనుకున్నాను."

కాఫీ వచ్చింది. ఇద్దరం తాగాం. నాకు ఏడుపు ఆగలేదు, ఆయన కూతురు చూసి లోపలికి వెళ్ళిపోయింది. బాబాయ్ నా భుజం తట్టి, ఎండ తగ్గాక వెళ్దురుగానిలెండి అన్నాడు.

ఆ శాఖలో ఇప్పుడు లాంచీ లేదు. ఆ ఆఫీసరుగారు ఎక్కడున్నారో తెలియదు. దిద్దుదామంటే ఏ కాగితమూ మిగల్లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు లంగరు పట్టలేదని ముందు చెప్పింది మా కళాసీ. చెప్పిన మనిషి చేతనే తాడు మీది చెయ్యి తీయించింది నేను.